చెరువు కట్టకు గేటు పెడితే ఎవలకు లాభం?

ఐతారం వచ్చిందంటే సాలు, చెరువు కట్ట మీద బండ్లు నిలవెట్ట జాగ దొరుకుత లేదు. మా వరంగల్, ములుగు దిక్కయితే ఇగ చెప్పనే అక్కెరలేదు. లక్నవరం వేలాడే వంతెన మీద సెల్ఫీలు, రామప్ప చెరువు కట్ట మీద రీల్స్, పాకాల కాడ బోటు, ఒడ్డుకు వంటలు. అంత దూరం పోనోళ్లు సొంతూరి చెరువు కాడనే పుట్టినరోజు కేకు కోస్తున్నరు. దీంట్ల తప్పేం లేదు. ఊర్ల ఉన్న పోరగాళ్లకు పార్కు లేదు, స్విమ్మింగ్ పూల్ లేదు. ఉన్నదల్లా చెరువే. నేను గూడ పొద్దుగూకంగ జరసేపు కట్ట మీద కూసున్నంకనే ఇంటికి పోత.

కానీ ఈ నడుమ ఒక మాట గట్టిగ వినవడుతున్నది. "కట్టకు గేటు పెట్టుండ్రి, తాళమెయ్యిండ్రి, బయటోళ్లను రానియ్యకుండ్రి" అని. మా ఊర్ల గూడ ఈ ముచ్చట లేసింది. ఎండకాలం చేపలు పట్టే సీజన్ల, వల గుంజే మనిషి అరికాలుకు బీరు సీస పెంక దిగవడ్డది. కుట్లు పడ్డయి. నాలుగు పైసలు వచ్చే రోజులన్ని మంచానికే పోయినయి. ఆయన కోపం న్యాయమైందే. పంచాయతీల ఆయన దిక్కు మాట్లాడినోళ్లది గూడ న్యాయమే. అయినా గేటు దీనికి మందు గాదు అంట నేను. ఎందుకు గాదో చెప్పాలంటే ముందుగాల చెరువు ఎట్ల నడుస్తదో, దాని మీద ఎవలెవలకు హక్కు ఉంటదో మాట్లాడుకోవాలె.

పాకాల చెరువునే తీసుకుందాం. 1213ల కట్టిచ్చిండ్రు, గణపతిదేవుని కాలంల. కట్టిచ్చినాయన జగదల ముమ్మడి, కాకతీయుల కొలువుల పనిచేసిన మంత్రి. రామప్ప గుడి శాసనం గూడ అదే ఏడుది, అది రేచర్ల రుద్రుడు ఏయించింది. అంటే ఎనిమిది వందల ఏండ్ల నుంచి ఆ నీళ్లు పొలాలకు పారుతున్నయి. ఆ కాలంల కట్టిన కోటలు కూలినయి, చెరువులు నిలవడ్డయి. రాజు గొప్పోడు కాబట్టి నిలవడ్డయని మనకు బడిల చెప్పిండ్రు. నాకైతే అది సగం ముచ్చటే అనిపిస్తది. ఎంత గట్టిగ కట్టిన మట్టికట్ట అయినా ఏడేడు చూసుకునేటోళ్లు లేకుంటే నాలుగు వానకాలాలకు గండి పడుతది. నిలవెట్టింది చూసుకున్నోళ్లు.

చూసుకునుడు ఎట్లుండేనంటే, చెరువును వాడుకునే ప్రతి మనిషికి ఒక పని ఉండేది. చెరువును బాగు చేసేటోళ్లకు దశబంధం అని మాన్యం ఇచ్చెటోళ్లు, ఆ మాట శాసనాలల్ల గూడ ఉన్నది. నీరడి తూము తీసి, మూసి, ఎవల మడికి ఎంతసేపు నీళ్లో పంచెటోడు. దానికి రైతులు పంట మీద మేర కొలిచెటోళ్లు. కుమ్మరోళ్లు మట్టి తీసుకపోతే చెరువుకు పూడిక తగ్గేది. రైతులు ఒండ్రుమట్టి బండ్ల మీద తోలుకపోతే పొలానికి బలం, చెరువుకు లోతు. బెస్తోళ్లు, ముదిరాజులు చేపలు పట్టుకుంట నీళ్లల్ల ఏం మారుతుందో రోజు కనిపెట్టెటోళ్లు. చాకలి రేవు వేరే, బర్లను కడిగే రేవు వేరే, తాగే నీళ్లు ముంచుకునే కాడ వేరే. బతుకమ్మను ఇడిచే ఘాటు వేరే. ఒక్క నీటినే జాగ పంచుకోని, టైము పంచుకోని వాడుకున్నరు.

పాత కాలమంత బంగారమని మాత్రం నేను చెప్తలేను. ఏ కులపోళ్లు ఏ రేవుల దిగాల్నో గూడ అప్పుడే రాసిపెట్టినట్టుండేది. దళితులకు మంచి రేవు దొరకనియ్యలే. అర్ధరాత్రి తూము కావలి కాసిన నీరడే చాన ఊర్లల్ల ఊరి బయటి మనిషి. ఆ పద్ధతి మళ్ల రావాలని ఎవ్వరు కోరుకోవద్దు. దాంట్ల తీసుకోవాల్సింది ఒక్కటే: వాడుకున్నోనికి పని గూడ ఉండేది.

ఇప్పుడు చూడుండ్రి. 2015 మార్చిల మిషన్ కాకతీయ మొదలువెట్టిండ్రు. 46 వేల పైచిలుకు చెరువులు, కుంటలు బాగుచేస్తమన్నరు. పూడిక తీసిండ్రు, కట్టలు పోసిండ్రు, తూములు, మత్తడులు రిపేరు చేసిండ్రు. పెద్ద ఊర్ల కాడ మినీ ట్యాంక్‌బండ్ అని కట్ట మీద బెంచీలు, లైట్లు, నడిచే బాట పెట్టిండ్రు. గట్ల చెరువుకు ఒక కొత్త రకం వాడుకునేటోడు వచ్చిండు. రైతు గాదు, జాలరి గాదు, చాకలి గాదు. గాలికి వచ్చినోడు, సంబురానికి వచ్చినోడు. అంటే మనం. ఆయకట్టు రైతుకు తెల్సినట్టు, వలేసెటోనికి తెల్సినట్టు మనకు చెరువు తెల్వది. బెంచీ ఏసినోళ్లు ఆ బెంచీ మీద కూసున్నోనికి ఏం పని ఉంటదో చెప్పలే. అసలు పంచాదంత ఇక్కడున్నది.

తెల్వకపోతే ఏమైతదో ఒక్కొక్కటి చెప్త.

కట్టకు నీళ్ల దిక్కు రాళ్లు పరిచి ఉంటయి. ఇంజినీర్లు రివిట్‌మెంట్ అంటరు. చూసెటోనికి అవి ఉత్త రాళ్లే. నాలుగు రాళ్లు పీకి పొయ్యి పెట్టుకుంటరు, కోడి కాల్చుకుంటరు, పోతరు. కానీ చెరువు నిండి గాలి కొట్టినప్పుడు అలలు వచ్చి కట్టను గుద్దుతయి. ఆ దెబ్బ మట్టి మీద పడకుండ ఆపేటియి ఆ రాళ్లే. ఒక్క రాయి లేసిన కాడ అల మట్టిని నాకుతది, పక్క రాయి వదులైతది, ఇగ జారుడు మొదలైతది. వానకాలంల కట్ట మీద ట్రాక్టరు, థార్ తోలి చక్రాల గాడి పడ్డా గంతే. ఆ గాడిల నీళ్లు నిలుస్తయి, వాలు చూసుకోని కిందికి పారుతయి, అక్కడ కోత పడుతది. గండి అంటే ఒక్కసారి బాంబు పేలినట్టు పడేది గాదు తమ్మీ. చిన్న సందుల మొదలైతది. ఎలుక బొక్క సాలు దానికి.

మన దిక్కు చెరువులు గొలుసుకట్టు. పై చెరువు మత్తడి దుంకితే ఆ నీళ్లు వాగువట్టి కింద చెరువుకు పోతయి, అది నిండి ఇంకో చెరువుకు. పై చెరువు కట్ట తెగితే ఆ నీళ్లన్ని ఒక్కపారి కింద చెరువు మీద వడ్డట్టే. మీరు తాగి పారేసిన ప్లాస్టిక్ గిలాస గూడ మీ ఊర్లనే ఉండది. మత్తడి మీదికెళ్లి కింది ఊరి తూముకు పోయి ఇరుకుతది. యాసంగిల ఆ ఊరి రైతు నడుముల లోతు నీళ్లల్ల దిగి, చెయ్యి పెట్టి ఆ చెత్త గుంజాలె.

ఇగ పానం ముచ్చట. దేశంల ఏటా 30 వేలకు మీదికెళ్లి మనుషులు నీళ్లల్ల మునిగి సచ్చిపోతున్నరు. ఈతరాక అని మనం ఒక్క మాటతోని తీసేస్తం. మన చెరువుల కాడ ఈతొచ్చినోళ్లు గూడ పోతున్నరు. కారణం ఎండకాలంల దొరుకుతది. చెరువు ఎండినంక జేసీబీలు దిగుతయి. పూడిక తీసుడు వేరే, దానికి ఒక కొలత ఉంటది, సమానంగ తీస్తరు. ఇటుక బట్టీలకు, వెంచర్లకు దొంగతనంగ మొరం, మట్టి తోలెటోళ్లకు కొలత ఉండది. మంచి మట్టి ఎక్కడుంటే అక్కడ బాయి తవ్వినట్టు నిలువుగ తవ్వి పోతరు. వానలు పడి చెరువు నిండితే పైనుంచి చూస్తే అంత ఒక్కతీరే కనిపిస్తది. మోకాటి లోతుల ఆడుకుంట ఆడుకుంట ఒక్క అడుగు ముందుకేస్తే రెండు నిలువుల గుంత. అంచుకు మెత్తటి బంకమట్టి, కాలు పట్టు దొరకది. ఎన్కకు మళ్లుదామంటే మట్టి ఇరిగి పడుతది.

అందుకే నేననేది, ఎండకాలం చెరువుల క్రికెట్ ఆడేటప్పుడు కండ్లు తెరిచి చూడుండ్రి. గుంతలు ఎక్కడున్నయో అప్పుడే కనిపిస్తయి. ఫోటో తియ్యిండ్రి, కట్ట మీది నుంచి ఏ చెట్టుకు ఎదురుగ ఉన్నదో గుర్తువెట్టుకోండ్రి. నిండినంక ఆ దిక్కు ఎవ్వర్ని దిగనియ్యకుండ్రి. ఎవ్వరి రీల్స్‌ల లేని పని ఇది, కానీ ఒక పిలగాని పానం కాపాడేది ఇదే.

తూము కాడ, మత్తడి మీద ఆటలు వద్దే వద్దు. తూము తీసి ఉన్నప్పుడు పైకి నీళ్లు నిమ్మలంగనే కనిపిస్తయి, లోపల గుంజుడు ఉంటది. మత్తడి రాళ్ల మీద నాచు పట్టి ఉంటది, చెప్పులేసుకున్నా జారుతది. నీళ్లు పాదాలకు కొంచెం మీదికే ఉన్నయి కదా అని నడుమకు పోయి వీడియో తీస్తరు. పారే నీళ్లకు లోతు లెక్క గాదు, జోరు లెక్క. బోటు ఎక్కితే లైఫ్ జాకెట్ తొడుక్కోవాలె, దాని బెల్టులు పెట్టుకోవాలె. ఫోటోల మంచిగ కొడుతలేదని ఒళ్లె పెట్టుకుంటే అది దిండుతోని సమానం.

ఎవలన్నా మునుగుతుంటే ఈతొచ్చుగదా అని ఎంటనే దుంకకుండ్రి. మునిగెటోడు దొరికినోన్ని పట్టుకోని మీదికెక్కుతడు, ఇద్దరు పోతరు. తాడు, లుంగీ, చీర, మూత గట్టిగ పెట్టిన ఖాళీ నీళ్ల క్యాను, ట్రాక్టరు ట్యూబు, ఏది దొరికితే అది అందియ్యిండ్రి. ఒడ్డుకు తెచ్చినంక మనిషిని నెత్తి మీద పెట్టి తిప్పుడు, కడుపు ఒత్తుడు మనకు పాత అలవాటు. దాంతోని టైమే పోతది. శ్వాస ఆడకుంటే నోట్ల గాలి ఊదుకుంట, రొమ్ము నడుమ గట్టిగ ఒత్తుకుంట ఉండాలె, 108 వచ్చే దాక. ఆ ఒత్తుడు ఎట్లనో మీ మండల దవాఖానల అడిగి ఒకపారి నేర్చుకోండ్రి. గంట పని గూడ గాదు.

గాలాల ముచ్చట చెప్తే కొందరికి కోపం వస్తది, అయినా చెప్త. రాత్రిపూట సరదాగ గాలమేసి రెండు చేపలు పట్టుకుంటే ఏం పాయె అనుకుంటరు. ఆ చేపలు ఉత్తగ రాలే. బొచ్చె, రవ్వ మన చెరువులల్ల పిల్లలు పెట్టయి. నిలువ నీళ్లల్ల వాటికి పొదగదు. ఏటేటా పిల్లలను తెచ్చి ఇడువాలె. సంఘంల ఉన్న బెస్తోళ్లు, ముదిరాజులు దాని మీదనే ఎండకాలం ఎదురుచూస్తరు. వాళ్లకు అది వరి పొలమసొంటిది. మంది పొలంల వరి కోసుకపోతమా?

కొర్రమీను కథ వేరే. మన తెలంగాణ రాష్ట్ర చేప అది. వానలు పడంగనే ఒడ్డుకు, తుంగల, లోతు లేని నీళ్లల్ల గుడ్లు పెడుతది. పిల్లలైనంక తల్లిదండ్రులు వాటికి కావలి ఉంటయి. ఎర్రెర్రగ పిల్లలు ముద్దతీరు గుంపుగట్టి మీదికి కిందికి తేలుతుంటే, కిందనే పెద్ద చేప తిరుగుతుంటది. అది గాలి పీల్చే చేప, మీదికి రావాల్సిందే. ఆ టైముల దాన్ని కొట్టుడు శాన అల్కగ. కొట్టినోడు ఒక్క చేపను కొట్టిన అనుకుంటడు. కావలి పోయినంక ఆ పిల్లలను కొంగలు, వేరే చేపలు పూటల ఖాళీ చేస్తయి. జూన్ నుంచి ఆగస్టు దాక ఆ ఎర్రగుంపు కనిపిస్తే చూసి వీడియో తియ్యిండ్రి, చేపను ముట్టకుండ్రి. ఇగ తోటాలు పేల్చుడు, మందు కలుపుడు అయితే చట్టం ప్రకారం నేరం. ఇది ఇప్పటికీ మనకు చెప్పాల్సి వస్తున్నది!

చలికాలంల పిట్టల గురించి ఒక్క మాట. బార్ హెడెడ్ గూస్ అని తల మీద రెండు నల్ల గీతలున్న బాతు ఉంటది. హిమాలయాల మీదికెళ్లి ఎగిరి మన చెరువుల కాడికి వస్తది. అంత దూరం వచ్చినయి రెస్టు తీసుకుంటుంటే మనం డ్రోన్ లేపుతం, డీజే పెడుతం. లేసిన ప్రతిసారి వాటికి తిన్న తిండి ఖర్చయితది. దూరంగ కూసోని చూస్తే అయే మనకు మంచి ఫోటో ఇస్తయి.

ఇదంత చదివినంక "అయితే గేటు పెట్టుడే నయం గదా అన్నా" అని అడుగుతరు. అసలు ముచ్చట ఇప్పుడు చెప్త. చెరువును చంపుతున్నది పిక్నిక్ చెత్త గాదు. అది గాయం చేస్తది, కాలు కోస్తది, తూముకు అడ్డం పడుతది, నిజమే. చంపేటియి రెండు. ఒకటి ఊరి మోరీలు. మురికినీళ్లు సక్కగ చెరువుల కలుస్తున్నయి. ఆ మురికిల బలం తిని గుర్రపు డెక్క నీళ్ల మీద చాపతీరు పరుచుకుంటది, లోపలికి ఎండ పోది, గాలి పోది, చేపలు తేలుతయి. రెండోది శిఖం కబ్జా. ఎండకాలం చెరువు అంచుకు మట్టి పోస్తరు, ఒక గుడిసె ఏస్తరు, తర్వాత కడీలు పాతుతరు, మూడేండ్లకు ప్లాట్ల బోర్డు లేస్తది.

ఈ పని ఎక్కడ అయితది? ఎవ్వరు తిరగని చెరువు కాడ. పొద్దున్నే వాకింగ్ వచ్చే టీచర్లు, సాయంత్రం కూసునే పోరగాళ్లు, ఐతారం వచ్చే కుటుంబాలు ఉన్న చెరువుల రాత్రికి రాత్రి మట్టి కుప్ప పడితే తెల్లారి పది ఫోన్లల్ల ఫోటో ఉంటది. గేటు పెట్టి తాళమేసినంక లోపల ఏమైతుందో ఆ తాళంచెవి ఉన్నోనికే ఎరుక. తాళంచెవి ఎవల చేతుల ఉంటదో మీ ఊర్ల మీకు తెల్సు, నన్ను చెప్పుమనకుండ్రి. హైదరాబాద్ చుట్టు ఔటర్ రింగ్ రోడ్డు దాక చూసుకోనీకి 2024ల హైడ్రా పెట్టిండ్రు. మన ఊరి చెరువుకు హైడ్రా లేదు. మనమే ఉన్నం.

మరి గేటు బదులు ఏంది? టైము, జాగ పంచుకునుడు. గ్రామసభల చేపల సంఘపోళ్లను, ఆయకట్టు రైతులను, చాకలోళ్లను, పోరగాళ్లను ఒక్కకాడ కూసోవెట్టి మాట్లాడాలె. వల గుంజే దిక్కు ఎవ్వరు తిననీకి కూసోవద్దు. ఈత ఒక్క రేవు కాడనే, అక్కడ ఒక తాడు, ఒక ట్యూబు ఎప్పుడు వేలాడాలె. వంటలు కట్ట దిగినంక, బయటి దిక్కు. గాజు సీస కట్ట ఎక్కొద్దు, దీంట్ల మాత్రం మొహమాటం లేదు. సద్దుల బతుకమ్మ నాడు పూలు నీళ్లల్లకు, కవర్లు ఇంటికి. తంగేడు, గునుగు నీళ్లల్ల కరుగుతయి, పాలిథిన్ కరగది. సంఘపోళ్లు ఒప్పుకుంటే రోజుకు ఇంత అని గాలం రుసుం పెట్టొచ్చు, ఆ పైసలు వాళ్లకే. మా ఊర్ల దీని మీద ఇంకా తెగలే. పెద్దమనుషులు పోరగాళ్లను నమ్ముతలేరు, పోరగాళ్లు మీటింగుకు వస్తలేరు. రెండోది మన చేతుల ఉన్న పని.

కబ్జా సంగతికి ఒక ఉపాయం ఉన్నది, ఫోన్ ఉంటే సాలు. చెరువుకు ఎఫ్‌టీఎల్ అని ఒక గీత ఉంటది. చెరువు పూరాగ నిండితే నీళ్లు ఎక్కడి దాక వస్తయో అది. కాగితాల మీద అయితే ఆ గీతను జరుపుతరు, రాళ్లు పాతితే పీకుతరు. కానీ మత్తడి ఎత్తు ఎంతనో ఎఫ్‌టీఎల్ అంతనే. అంటే మత్తడి దుంకుడు మొదలైన రోజు నీళ్లు ఏ అంచు దాక ఉన్నయో అదే అసలు హద్దు, భూమి మీద నీళ్లే గీసిన హద్దు. ఊరంత ఆ రోజు మత్తడి కాడికి పోయి రీల్స్ తీస్తది. మీరు నలుగురు సోపతిగాళ్లు జమయి, మత్తడి ఇడిసి చెరువు సుట్టు తిరుగుండ్రి. లొకేషన్, తారీఖు పడేటట్టు సెట్టింగ్ పెట్టి, ప్రతి వంద అడుగులకు నీటి అంచు ఫోటో తియ్యిండ్రి. కరెంటు స్తంభమో, తాటిచెట్టో, ఎవలన్న కొత్తగ పాతిన కడీయో ఫ్రేముల పడాలె. ఒక కాపీ పంచాయతీ కార్యదర్శికి, ఒకటి ఇరిగేషన్ ఏఈకి పంపుండ్రి. కడీలు నీళ్లల్లకు వచ్చినయంటే సోమవారం ప్రజావాణిల కలెక్టరేట్ కాడ దరఖాస్తు పెట్టి రశీదు తీసుకోండ్రి. ఊరి ఉమ్మడి జాగలు, కుంటలు ఆక్రమించినోళ్లను ఖాళీ చేయించాలని 2011ల సుప్రీంకోర్టు జగ్‌పాల్ సింగ్ కేసుల చెప్పింది, ఆ పేరు దరఖాస్తుల రాయిండ్రి. మళ్ల ఏడు మత్తడి దుంకినప్పుడు అవే జాగలల్ల నిలవడి మళ్ల తియ్యిండ్రి. రెండు ఏండ్ల ఫోటోలు పక్కపక్కన పెడితే ఎవలు ఎంత ముందుకు జరిగిండ్రో అడుగులతోని సహా తెలుస్తది.